గేర్‌బాక్స్ జోలికి ఇప్పుడే పోకు

డాలస్

వంశీ,

నీ ఎయిర్‌సాఫ్ట్ గన్ ఆగిపోయిందనీ, శనివారం ఆటలోపు గేర్‌బాక్స్ విప్పి చూస్తాననీ నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో చెబితే సగం వింటావు, సగం గాలికొదిలేస్తావు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి మొత్తం చదువు.

మా ఫీల్డులో ఆటలు జరిగే రోజుల్లో రిపేరు బల్ల దగ్గర కూర్చునేదాన్ని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. చచ్చిపోయిందని తెచ్చిన ఎలక్ట్రిక్ గన్లలో చాలావాటికి జబ్బు గేర్‌బాక్స్ బయటే ఉంటుంది. బ్యాటరీలోనో, కనెక్టర్లోనో, ఫ్యూజులోనో, మోటారు అమరికలోనో. డాక్టరు కడుపు కోసే ముందు నాడి పట్టుకుని చూస్తాడు కదా, ఇక్కడ నాడి అంటే శబ్దం. ట్రిగ్గర్ నొక్కినప్పుడు గన్ ఏం చప్పుడు చేస్తోందో వింటే, ఎక్కడ వెతకాలో సగం తెలిసిపోతుంది.

వినేముందు ఒక క్రమం ఉంది, అది తప్పకు. ముందు కళ్ళద్దాలు పెట్టుకో. తర్వాత మేగజైన్ తీసెయ్. మనుషుల్లేని వైపు, నేలకేసి రెండు మూడు సార్లు పేల్చు. ఆ తర్వాతే బ్యాటరీ ఊడదియ్యి. చాలామంది బ్యాటరీ ముందు పీకేసి, ఇక భయం లేదనుకుంటారు. మేగజైన్ తీసినా ఒక గుండు లోపలే ఉండిపోతుంది. మళ్ళీ బ్యాటరీ పెట్టి పరీక్షించేటప్పుడు అదే ఎదురుగా ఉన్నవాళ్ళ కంట్లో పడుతుంది. గన్ పేలే స్థితిలో లేకపోతే అది నిండుగా ఉందనే లెక్కలో పెట్టుకో.

లోపల జరిగేది ఇది. టోక్యో మారుయి కంపెనీ 1991లో ఫమాస్ మోడల్‌తో తెచ్చిన పద్ధతే ఇప్పటికీ దాదాపు అలాగే నడుస్తోంది. ట్రిగ్గర్ నొక్కగానే కరెంటు మోటారుకి చేరుతుంది. మోటారు చివరి పినియన్ బేవెల్ గేర్‌ని తిప్పుతుంది, అది స్పర్ గేర్‌ని, అది సెక్టర్ గేర్‌ని. సెక్టర్ గేర్ మీద పిస్టన్‌ని లాగే పళ్ళు చుట్టూ ఉండవు, ఒక పక్కనే ఉంటాయి. ఆ పళ్ళు పిస్టన్‌ని వెనక్కి లాగి స్ప్రింగ్‌ని నొక్కిపెడతాయి. పళ్ళు లేని భాగం రాగానే పిస్టన్ ఒక్కసారిగా ముందుకి దూకుతుంది, సిలిండర్లో గాలి నాజిల్ గుండా వచ్చి గుండుని తోస్తుంది. బ్యారెల్ మొదట్లో ఉన్న హాప్-అప్ రబ్బరు గుండు పైభాగాన్ని రాచి వెనక్కి తిరిగేలా చేస్తుంది. అంత తేలిక గుండు అంత దూరం పోవడం ఆ తిరుగుడు వల్లే.

ఇక శబ్దాలకి వద్దాం. అసలు చప్పుడే లేకపోతే మొదట సెలెక్టర్ సేఫ్‌లో ఉందేమో చూడు. నవ్వకు, చాలాసార్లు అదే. తర్వాత మల్టీమీటర్‌తో బ్యాటరీ కొలువు. నీది రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కాబట్టి నిండుగా ఉంటే 8.4 వోల్టులు చూపించాలి. అది బాగుంటే ఫ్యూజు చూడు. అదీ బాగుంటే గ్రిప్ అడుగు ప్లేటు స్క్రూలు విప్పి మోటారుకి వచ్చే ఎరుపు, నలుపు వైర్ల కొసల్లో ఉండే లోహపు బిళ్ళలు చూడు. ఆ బిళ్ళలు వదులై జారిపోవడం నీ గన్ లాంటి ఎం4 మోడళ్ళలో మామూలే. జాగ్రత్తగా బిగించి తోస్తే గన్ లేచి కూర్చుంటుంది.

చెవులు గుయ్యిమనేలా కీచుమంటే మోటారు ఎత్తు సరిగ్గా లేదన్నమాట. గ్రిప్ అడుగున మధ్యలో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని పావు చుట్టు తిప్పు, పేల్చి విను, మళ్ళీ పావు చుట్టు తిప్పు. కీచు తగ్గి గరగర లేని చక్కటి చప్పుడు వచ్చిన చోట ఆపెయ్. మరీ బిగిస్తే పినియన్ బేవెల్ గేర్‌ని నూరేస్తుంది, మరీ వదిలేస్తే పళ్ళ కొసలు మాత్రమే తగిలి అరిగిపోతాయి.

మోటారు జుయ్యిమని తిరిగిపోతూ ఏమీ పేలకపోతే ఎక్కడో పళ్ళు పోయాయి. పిస్టన్‌వి కావచ్చు, పినియన్‌వి కావచ్చు. అప్పుడు మళ్ళీ మళ్ళీ నొక్కి చూడకు, ఊడిన ముక్కలు మిగతా గేర్ల మధ్య పడి అవీ పోతాయి. గేర్‌బాక్స్ విప్పాల్సిన సందర్భాలు కొన్నే, వాటిలో ఇదొకటి.

నీ మెసేజ్ చివర నువ్వు వినిపించింది మాత్రం ‘టిక్’మని ఆగిపోవడం. దీనికి నాకు తోచే కారణాలు రెండు. బ్యాటరీ సత్తువ తగ్గి స్ప్రింగ్‌ని పూర్తిగా లాగలేకపోతోంది, లేదా ట్రిగ్గర్ కాంటాక్టులు మసిపట్టాయి. ముందు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి కొలువు. పిస్టన్ సగంలో ఆగి ఉంటే సెలెక్టర్‌ని ఫుల్ ఆటోలో పెట్టి చిటికెడు సేపు నొక్కు, చాలాసార్లు ఆ చుట్టు పూర్తయి వదులుతుంది. కదలకపోయినా, వైరు వేడెక్కినా వెంటనే వేలు తీసెయ్, బ్యాటరీ ఊడబెరుకు. ఎంత వోల్టేజీ వచ్చిందో నాకు పంపు, తర్వాత ఏం చెయ్యాలో చెబుతాను.

బ్యాటరీ గురించి గట్టిగా చెప్పాలి. ఈ ఆటలో గుండు కంటే నేను ఎక్కువ భయపడేది లైపోకే. దానికి లైపో బ్యాలెన్స్ ఛార్జరే వాడు. నీకు గన్ అమ్మిన అబ్బాయి ఇచ్చిన పాత నికెల్ బ్యాటరీ ఛార్జర్ పెడితే నిప్పంటుకోవచ్చు. మంచం మీద, సోఫా మీద ఛార్జ్ పెట్టకు, పెట్టి నిద్రపోకు, పెట్టి క్లాసుకి పోకు. ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి దిగితే ఆ బ్యాటరీ పాడైనట్టే, అందుకే గన్ నీరసంగా పేలడం మొదలవగానే మార్చెయ్. వారాల తరబడి ఆడకపోతే నిండుగా ఉంచకు, సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర దాచు. కొంచెం ఉబ్బినా దాని ఆయువు తీరింది. చెత్తబుట్టలో పడెయ్యకుండా బ్యాటరీలు తీసుకునే చోట ఇచ్చెయ్. నువ్వుండే కొలంబస్ చలిలో లైపో బలం తగ్గుతుంది, ఆట మొదలయ్యేదాకా జాకెట్ లోపలి జేబులో వెచ్చగా పెట్టుకో. 11.1 వోల్టుల బ్యాటరీ వేస్తే గుళ్ళు వానలా కురుస్తాయని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, కానీ మాస్‌ఫెట్ (ట్రిగ్గర్ కాంటాక్టుల మీద భారం పడనివ్వని ఎలక్ట్రానిక్ స్విచ్చు) లేని గన్‌లో ప్రతి నొక్కుడికీ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, మామూలు పిస్టన్ ఆ వేగాన్ని ఎన్నాళ్ళో తట్టుకోదు. నీ రెండు సెల్స్ బ్యాటరీ, అంటే 7.4 వోల్టులది, చాలు.

గుళ్ళ దగ్గర పీనాసితనం వద్దు. గుండు 5.95 మిల్లీమీటర్లు, లోపలి బ్యారెల్ 6.05 అటూ ఇటూ. మధ్యలో ఉండేది మిల్లీమీటరులో పదో వంతు. అందులోంచి అతుకు గీత ఉన్న చవక గుండో, నేలమీద ఏరుకున్న మట్టి గుండో పోతే ఏమవుతుందో నువ్వే ఊహించుకో. పడిన గుండుని మళ్ళీ మేగజైన్లో వెయ్యకు. 0.12 గ్రాములవి కొనకు. 0.20తో మొదలుపెట్టు, ఆరుబయట ఆడితే 0.25 గానీ 0.28 గానీ నిలకడగా పోతాయి.

గుళ్ళు పక్కలకి వంకరపోతుంటే గన్ చెడిందనుకునే ముందు బ్యారెల్ తుడువు. హాప్-అప్ పూర్తిగా తగ్గించు, కడ్డీకి మెత్తటి గుడ్డముక్క చుట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి ముందు వైపు నుంచి తోసి తియ్యి. గుడ్డ నల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా మార్చి, చివర పొడిగుడ్డతో ముగించు. బ్యారెల్లో సిలికాన్ మాత్రం కొట్టకు. అది రబ్బరు మీదికి పాకితే గుండు జారిపోతుంది, తిరుగుడు ఉండదు. పెట్రోలియం నూనెలు ఓ-రింగులకీ రబ్బరుకీ విషం. సిలిండర్ లోపల కాస్త సిలికాన్, గేర్లకి కాస్త లిథియం గ్రీజు, అంతే.

ఎప్పటికైనా గేర్‌బాక్స్ విప్పుతావు, విప్పకుండా నేర్చుకోలేవు. ఆ రోజు ఒక పెద్ద తెల్ల పళ్ళెం పెట్టుకో, ప్రతి మెట్టుకీ ఫోటో తియ్యి. స్ప్రింగ్ బిగువు మీద ఉండగా మూత ఎత్తకు. ముందు గేర్లు వెనక్కి తిరగకుండా ఆపే యాంటీ-రివర్సల్ లాచ్ వదిలించు, పిస్టన్ ముందుకి పోనివ్వు. మూత తీసేటప్పుడు స్ప్రింగ్ గైడ్‌లో స్క్రూడ్రైవర్ దూర్చి పట్టుకో, లేకపోతే స్ప్రింగ్ ముఖానికి తగులుతుంది. లాచ్‌కి ఉండే వెంట్రుకంత స్ప్రింగ్ కార్పెట్ మీద పడితే దొరకదు. స్ప్రింగ్ మారిస్తే ఆడేముందు వేగం కొలిపించు. ఎం100 స్ప్రింగ్ అంటే 0.20 గ్రాముల గుండుని సెకనుకి సుమారు 100 మీటర్ల వేగంతో తోసేది, అంటే ఒక జౌల్. అంతకు మించినది వేసి ఇండోర్ ఆటకి పోతే ఎదుటివాడి పన్ను ఊడుతుంది. దెబ్బ తట్టుకుంటాయని తెలిపే జెడ్87+ ముద్ర లేని కళ్ళద్దాలతో ఆడకు, ఎవరు ఆడుతున్నా ఊరుకోకు.

ఆఖరి మాట, ఇది నాన్నగారు చెబుతున్నట్టు విను. గన్ కారులోంచి దింపితే సంచిలోనే దింపు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, పార్కింగులో పరీక్షించకు. మొనకున్న ఆరెంజ్ రంగు తియ్యకు. నువ్వున్న ఒహాయోలోనే, క్లీవ్‌లాండ్‌లో 2014 నవంబర్‌లో తమీర్ రైస్ అనే పన్నెండేళ్ళ పిల్లాడు పార్కులో ఎయిర్‌సాఫ్ట్ బొమ్మ తుపాకీతో ఉన్నాడు. దానికి ఆరెంజ్ మొన లేదు. ఎవరో ఫోన్ చేశారు, పోలీసు కారు వచ్చి ఆగిన రెండు మూడు సెకన్లలోనే కాల్చేశారు. దూరం నుంచి చూసేవాడికి నీ ఎం4 బొమ్మని తెలియదు వంశీ. మన రంగు, మన యాస చూసి మంచిగా అనుకుంటారన్న ధీమా అసలు పెట్టుకోకు. వేసవిలో ఇండియాకి వెళ్ళేటప్పుడు గన్, బ్యాటరీలు అన్నీ అక్కడే వదిలేసి వెళ్ళు, సరదాకి కూడా సూట్‌కేసులో పెట్టకు.

బయటికి తీసుకెళ్ళడానికి తాళం పడే సంచి ఒకటి ఈ వారమే కొనుక్కో. డబ్బు నేను పంపుతాను.

ఆశీస్సులతో,
అక్క