కంప్యూటరు నడుమ నాగిపోవుటకు ఒక కారణము

గ్రాఫిక్సు కార్డు మొదలగు పరికరములకును విండోసునకును నడుమ దుబాసివలె నుండు ప్రోగ్రామునకు డ్రైవరని పేరు. పెక్కు డ్రైవరులు విండోసుయొక్క మూలభాగమగు కెర్నెలునందే పనిచేయును. కావున విండోసు మాఱియు డ్రైవరు పాతదిగానే యున్నచో, ఒక్కదాని దోషముచే యంత్రమంతయు నాగిపోయి నీలితెర కనబడవచ్చును. విండోసు 11 నందు 2025 నుండి అది నల్లతెర యైనది.

అపుడు చేయవలసిన క్రమమును మేము విద్యార్థులకిట్లు చెప్పుచుందుము. ముందుగా తెరపైనున్న దోషసంకేతమును వ్రాసికొనుడు. పిదప సేఫ్ మోడునందు నడిపి చూడుడు. అందు అత్యవసరమైన డ్రైవరులే యుండును గనుక, అచ్చట నాగనిచో డ్రైవరును శంకింపవచ్చును. డివైస్ మేనేజరులో దాని తేదీ చూచి, పరికరము చేసినవారి యొద్దనుండియే క్రొత్తది గైకొనుడు. అది పొసగనిచో రోల్ బ్యాక్ మూలమున పూర్వపుదానిని మరల నిలుపవచ్చును.

వీనికన్నిటికిని ముందు మీ వ్రాతలకు వేఱొకచోట నకలుంచుకొనుడు. డ్రైవరు మరల లభించును. నకలులేని వ్రాత లభింపకపోవచ్చును.