ఇంటిబండికి గాలిరేకులు

అమెరికా దేశమున మోటారు వెనుక గదివంటి ట్రెయిలరును తగిలించుకొని గాని, పడకయు పొయ్యియు గల పెద్ద మోటారు నెక్కి గాని, సెలవుదినములను దేశసంచారమున గడపు కుటుంబములు లక్షలకొలదిగా నున్నవి. అట్టి బండ్లను మేమిచ్చట ఇంటిబండ్లందుము. ఇవి చమురును మిక్కిలిగా త్రాగును. అందుచే లాగెడు మోటారు కప్పుపై నిలుపు వాలురేకులు, ట్రెయిలరు ప్రక్కల దిగువను వ్రేలాడు పలకలు, వెనుక అంచున అంటించు చిన్న రెక్కలు మున్నగునవి అంగళ్లలో అమ్మబడుచున్నవి. వీనివలన నిజముగా లాభము కలదా? కష్టార్జితమును వెచ్చించు గృహస్థునకు ఇది చిన్న ప్రశ్న గాదు. ప్రకృతిశాస్త్రమును చదువు మన విద్యార్థులకును గాదు.

మొదట గాలి సంగతి నెఱుగవలెను. ఎడ్లబండి తోలువానికి తన బండి నడకవలన పుట్టు గాలి లెక్కలోనిది కాదు. ఏలయన ఆ నడక మందము. కాలువగట్టుపై ఎదురుగాలిలో సైకిలు త్రొక్కిన బాలురకు మాత్రము దాని బలము బాగుగా తెలియును. వేగము రెండింతలైనచో గాలి యొత్తిడి నాలుగింతలగును. గంటకు 90 కిలోమీటర్ల వేగమున, గాలి తిన్నగా వచ్చి తాకి ఆగు చోట, చదరపు మీటరు ఒకటికి ఇంచుమించు 38 కిలోగ్రాముల బరువంత త్రోపు కలుగును. పెద్ద ఇంటిబండి మొగము ఆరేడు చదరపు మీటర్లుండును. ఇంజను పడు కష్టమును మీరే యూహింపుడు.

అయితే గాలి ముందునుండి త్రోయుట మాత్రమే కాదు, వెనుకనుండి పీడ్చుటయు కలదు. వెలుగుచున్న క్రొవ్వొత్తి ముందు గుండ్రని సీసా నొకదాని నిలిపి, సీసా కీవలినుండి ఊదుడు, దీపమాఱిపోవును. గాలి సీసా ప్రక్కల నంటి సాగి వెనుక కలిసికొనును. సీసాకు మాఱుగా అంతే వెడల్పు గల అట్టముక్కను నిలిపి ఊదినచో దీపమాఱదు సరికదా, జ్వాల అట్టవైపునకే వాలును. అంచులకడ గాలి విడిపోయి వెనుక సుడులు పుట్టుటయే దీనికి కారణము. పెట్టెవంటి బండి వెనుకను జరుగునది యిదియే. ఈ పరీక్షను పెద్దల యెదుట మాత్రమే చేయవలెను.

1973 లో ఎడ్విన్ సాల్ట్జ్‌మన్ అను ఇంజనీరు కాలిఫోర్నియాలోని మొహావీ యెడారిలో సైకిలుపై తన పనికి బోవుచు, ప్రక్కగా పోవు లారీలు తన్ను మొదట బాట వెలుపలికి త్రోయుటయు, పిదప లోనికి లాగుటయు గమనించెను. ఆయన పనిచేయునది నాసా వారి విమానపరిశోధనాలయము. అచ్చటివారు ఒక వ్యానుచుట్టు అల్యూమినియపు రేకులు బిగించి, దానిని చదరపు మూలలు గల పెట్టెగా జేసి, పరుగెత్తించి, ఇంజను త్రోపును మాని, అది ఎంతలో మందగించునో కొలిచిరి. ముందటి నిలువు మూలలను గుండ్రము చేసినంతనే గాలినిరోధము నూటికి 40 వంతులు తగ్గెను. లోపలి చోటు తగ్గినది నూటికి 1.3 వంతు మాత్రమే! అడ్డపు మూలలను గూడ గుండ్రము చేయగా తగ్గుదల సగమునకు మించెను.

ఇందుండి తేలునదేమనగా, అసలు లాభము బండిని కట్టుచున్నప్పుడే యున్నది. మూలలు గుండ్రముగా నున్న బండికి తరువాత రేకులు తగిలించిన మిగులునది కొంచెమే. మొగము బల్లపరుపుగా నున్న ఎత్తైన ట్రెయిలరునకు కప్పురేకు కొంత తోడ్పడవచ్చును. కాని రేకు పల్లముగా నున్నచో గాలి మరల ట్రెయిలరు మొగమునకే కొట్టును. మితిమీరి ఎత్తుగా నున్నచో అదియే క్రొత్త అడ్డమగును. చతురస్రమైన వెనుకగోడ అంచున చిన్న రెక్కల నంటించుట మాకంతగా రుచింపదు. అంచు వాడిగా నున్నందున గాలి అచ్చట నెటులైనను విడిపోవును గదా!

1947 లో ఆల్ఫ్రెడ్ లెటూర్నర్ అను సైకిలుపందెగాడు నున్నని ఎయిర్‌స్ట్రీమ్ ట్రెయిలరును సైకిలుతో లాగిన చిత్రము ప్రసిద్ధమైనది. అది ఆకారమహిమ యని కొందఱు తలంతురు. సైకిలు నడకకు గాలి యడ్డమెంత? అది తేలికదనమునకును చక్రములు సులువుగా దొరలుటకును సాక్ష్యమని మా యభిప్రాయము.

ఇక ధనము లెక్క. సరకులు మోయు పెద్ద లారీ ట్రెయిలర్లకు ప్రక్కపలకలవలన రహదారివేగమున నూటికి 4, 5 వంతుల చమురు మిగులునని పరీక్షలు తెలిపినవి. ఏట 60,000 లీటర్లు కాల్చు లారీకి 4 వంతులనగా 2,400 లీటర్లు. ఏట 5,000 కిలోమీటర్లు మాత్రమే తిరిగి 1,000 లీటర్లు కాల్చు కుటుంబమునకు అదే లాభము 40 లీటర్లు. పలక వెల యిద్దఱికిని వెలయే. లారీవానికి తగినది గృహస్థునకు తగదు.

"రేకు బిగించినది మొదలు చమురు తక్కువగా కాలుచున్నది, మేమే చూచితిమి" అనువారు కలరు. వారు అబద్ధమాడుట లేదు, గాలి వారిని మోసగించినది. గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవుచుండగా 10 కిలోమీటర్ల పిల్లగాలి ఎదురైనచో బండికి తగులు గాలివేగము 100. అది వెనుకనుండి వీచినచో 80. ఈ రెంటి యొత్తిడులకు భేదము సగమునకు మించి యున్నది. ఇట్టి గాలియెదుట నూటికి రెండుమూడు వంతుల లాభము కనబడునా? ఒకే బాటను, ఒకే దినమున, ఒకే వేగమున, రానుపోను రెండు దిక్కులను, రేకుతోను రేకు లేకయు పలుమాఱులు నడిపి కొలువనిదే ఎవరి మాటయు నమ్మదగదు.

వెలలేని ఉపాయ మొకటి కలదు. వేగమును 100 నుండి 90 కి తగ్గించినచో గాలినిరోధము నూటికి 19 వంతులు తగ్గును. చక్రముల రాపిడి మొదలగునవి యట్లే యుండుటచే చమురు అంత తగ్గదు గాని, పెక్కు రేకుల లాభమును మించియే యుండును. 300 కిలోమీటర్ల పయనమునకు ఇందువలన పట్టు ఆలస్యము 20 నిమిషములు.