ఎర్రబడ్డంత మాత్రాన వెలుగుతుందా?

బుజ్జీ,

పై బర్నర్లు నాలుగూ వెలుగుతున్నాయి, కింద ఓవెన్ మాత్రం ఎంతసేపున్నా వేడెక్కడం లేదని రాశావు. పైవి టిక్ టిక్‌మని అంటుకుంటున్నాయంటే నీ అపార్ట్‌మెంట్‌కి గ్యాసూ వస్తోంది, స్టవ్‌కి కరెంటూ వస్తోంది. తేడా ఓవెన్‌లోనే ఉంది.

ముందు ముక్కుకి పని చెప్పు. ఓవెన్ తలుపు తీయగానే గ్యాస్ వాసన గుప్పుమంటే ఇక ఏ పరీక్షలూ వద్దు. నాబ్ కట్టేసి, లైటు స్విచ్చుల జోలికి పోకుండా బయటికి నడువు. అక్కడికెళ్ళాకే గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చెయ్యి. గ్యాస్‌కి తనదంటూ వాసన ఉండదు. లీకైతే తెలియాలనే ఆ కుళ్ళు కంపు కలుపుతారు, దాన్ని తేలిగ్గా తీసుకోకు.

వాసనేం లేదనుకో. లోపలున్న మూకుళ్ళు, పెనాలు బయటపెట్టు (అమెరికాలో మనవాళ్ళ ఓవెన్ సగం రోజులు గిన్నెల అలమరాయే కదా!). 350 డిగ్రీలకి పెట్టి, అడుగున బర్నర్ దగ్గర చూడు. ఇప్పటి ఓవెన్లలో చాలావాటికి కింద నిప్పురవ్వ ఉండదు, కరెంటుతో కాలే ఇగ్నైటర్ ఉంటుంది. అది ఎర్రబడ్డాక నిమిషం, నిమిషంన్నర లోపు మంట రావాలి. రాకపోతే ఆపెయ్. అసలు ఎర్రబడకపోతే ఇగ్నైటరో, దానికి కరెంటిచ్చే వైరో, బోర్డో పోయినట్టు.

ఎర్రగా కాలుతూ కూడా మంట రాకపోతేనే అందరూ బోల్తా పడతారు. "ఇగ్నైటర్ నిక్షేపంలా ఉంది, వాల్వే చెడింది" అని ఖరీదైన వాల్వ్ మార్పిస్తారు. అసలు సంగతి వేరు. ఇగ్నైటర్‌లోంచి వెళ్ళిన కరెంటే గ్యాస్ వాల్వ్‌లోంచీ పోతుంది. వాల్వ్ లోపల రెండు లోహాల పట్టీ ఒకటుంటుంది. చాలినంత కరెంటు పారితేనే అది వేడెక్కి, వంగి, గ్యాస్‌కి దారి తీస్తుంది. చాలా మోడళ్ళలో అందుకు సుమారు 3 ఆంపియర్లు కావాలి. ఇగ్నైటర్ పాతబడేకొద్దీ లాగే కరెంటు తగ్గిపోతుంది. కంటికి ఎర్రగా కనిపించడానికి సరిపోతుంది, వాల్వ్ తెరవడానికి చాలదు. అలా తెరుచుకోకపోవడమే మంచిది కూడా. అంటించే వేడి లేనప్పుడు గ్యాస్ వదిలితే ఇల్లేమవుతుంది? కొన్నాళ్ళుగా మంట ఆలస్యంగా, భగ్గుమని అంటుకుంటూ ఉండి ఉంటే తప్పు చాలావరకు ఇగ్నైటర్‌దే.

ఊళ్ళో పొయ్యి వెలిగించినట్టు అగ్గిపుల్ల గీసి లోపల పెట్టకు. కరెంటు పారనిదే ఆ వాల్వ్ తెరుచుకోదు, నీ చెయ్యి కాలడమే మిగులుతుంది. ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంట ఉన్న పాత ఓవెన్ అయితే సంగతి వేరే. అది ఆరిపోయి ఉంటే మాన్యువల్ చూడకుండా ముట్టుకోకు.

యూట్యూబ్ చూసి ఇగ్నైటర్ నువ్వే మార్చేద్దామని మాత్రం దిగకు. అక్కడుండేది 120 వోల్టుల కరెంటు, పక్కనే గ్యాస్. పైగా ఆ ముక్క పెళుసు, కాస్త గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది. అద్దె ఇంట్లో ఓవెన్ ఓనరుదైతే మామూలుగా రిపేరూ ఓనరుదే. లీజు ఓసారి చూసుకో. మెయింటెనెన్స్‌కి ఫోన్‌లో చెప్పి ఊరుకోక, "ఇగ్నైటర్ ఎర్రబడుతోంది, మంట రావడం లేదు, ఎంత కరెంటు లాగుతోందో మీటర్ పెట్టి చూడండి" అని రాసి పంపు. మనిషి వచ్చి చూసేదాకా ఆ నాబ్ తిప్పొద్దు.

మీ అక్క