కోలారు చర్మపక్షి

గబ్బిలము ఎగురును, కాని పక్షి కాదు. ఈకలు లేవు, గ్రుడ్డు పెట్టదు. దేహమున రోమములు, నోట పండ్లు కలవు. పిల్లను కని చన్నుపాలిచ్చి పెంచును. క్షీరదములకు రోమములు, పాలు ముఖ్యలక్షణములు. పిల్లను కనుట మాత్రము తప్పని గుర్తు కాదు. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ గ్రుడ్లు పెట్టియు పాలిచ్చును.

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున గర్భజన్మ మూడు విధములు: మావితో పుట్టు జరాయుజములు, గ్రుడ్డునుండి పుట్టు అండజములు, పొర లేకయే పుట్టు పోతజములు. శ్వేతాంబరులు ప్రమాణముగా గైకొను భాష్యము గబ్బిలమును చర్మపక్షి యని ఈకల పక్షులనుండి వేరుచేసి, ఏనుగుతోపాటు పోతజములలో చేర్చినది. నేటి జంతుశాస్త్రపు మార్గము వేరు. గబ్బిలమునకు మావి కలదనియే అది చెప్పును. అయినను గ్రుడ్డు పెట్టు పక్షులలో దానిని కలుపకుండుట రెండింటికిని సమ్మతమే.

కోలారు బంగారుగనులు 2001లో మూతపడినవి. ఆ జిల్లాలోనే హనుమనహళ్లి గుహలో మరియొక నిధి కలదు. ముక్కుపై ఆకువంటి చర్మపుమడత గల ఆ గబ్బిలమును కాక్, భట్ అను శాస్త్రజ్ఞులు 1994లో క్రొత్తజాతిగా వర్ణించిరి. ముక్కునుండి వెలువరించు ధ్వని తిరిగివచ్చుటనుబట్టి అది చీకటిలో పురుగులను పట్టును. మునుపు రెండు గుహలలో నుండినది, తరువాతి పరిశీలనలలో ఒక్కదానిలోనే, రెండువందలకు లోపుగా కనబడినది. గ్రానైటు క్వారీలే ముఖ్యమైన ముప్పు. అంగడి అరుగుకు నునుపురాయి బేరమాడువారు రంగు, వెల అడుగుదురు గాని ఏ గుట్టదని అడుగరు. ఈ కుటుంబపు గబ్బిలములు సాధారణముగా ఏడాదికి ఒక్క పిల్లనే కనును.