అపరిగ్రహము: చేతిలోని ఫోను

పతంజలి మహర్షి యోగసూత్రముల రెండవ పాదమునందు అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను ఐదింటిని యమములని చెప్పియున్నాడు. వీనిలో కడపటిదైన అపరిగ్రహమును గృహస్థులు సన్న్యాసుల ధర్మమని తలంచి ప్రక్కకు నెట్టుట కలదు. ఇల్లు వాకిలి, బిడ్డలు గలవారికి వస్తువులు లేక ఎట్లు గడచునని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. అయితే వ్యాసభాష్యము ఈ యమమును వివరించునపుడు మొదట చెప్పినది వస్తువులను విడుచుటను గూర్చి కాదు, వానియందలి దోషములను చూచుటను గూర్చి. ఆర్జనము, రక్షణము, క్షయము, సంగము, హింస అను ఐదు విధములుగ వస్తువునందు దోషము గలదని కన్నవాడు దానిని స్వీకరింపక మానును. అదియే అపరిగ్రహమని దాని తాత్పర్యము. కనుట గృహస్థునకును సాధ్యమే. నేడు దాదాపు ప్రతివారి చేతిలోను ఉన్న ఫోనునందు ఈ ఐదు దోషములను పరిశీలించుట ఈ పాఠము ఉద్దేశము.

మన దేశమున మొబైల్ ఫోనుపై మొదటి సంభాషణ 1995 జూలై 31న జరిగినది. పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటలాడెను. ఆనాడది శ్రీమంతుల వస్తువు. 2003లో నోకియా కంపెనీ 1100 అను ఫోనును విడుదల చేసెను. దుమ్ము చొరని మీటలును, చీకటిలో దారి చూపు చిన్న దీపమును దానికి గలవు. అట్టివి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. అది చెడినపుడు జనులు బాగుచేయించుకొనుచుండిరి. హైదరాబాదులో అబిడ్స్‌నందలి జగదీశ్ మార్కెట్టు వంటి చోటుల నేటికిని ఆ పనిచేయువారు వరుసగా కూర్చుండియుందురు. ఫోను అనగా చెడువరకు వాడదగిన పనిముట్టు అను భావము అప్పుడు సహజముగ నుండెను. ఇప్పుడట్లు కాదు, ఫోను చెడకముందే మనస్సు దానిని విడుచుచున్నది.

ఆర్జనదోషమును గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. వాయిదాలపై కొన్న ఫోను పాతదై, దానిపై ముచ్చట తీరిన పిమ్మటను వాయిదాలు మిగిలియుండుట ఎందరికో అనుభవమే. రక్షణదోషమునకు శ్రీరామకృష్ణులు చెప్పిన కౌపీనము కథ చాలును. కౌపీనమును ఎలుకలు కొఱుకుచున్నవని పిల్లిని, పిల్లికి పాలకై ఆవును, ఆవుకు మేతకై పొలమును సంపాదించి సాధువు సంసారియైనాడు. ఫోనునకు తొడుగు, అద్దముపై మరియొక అద్దము, పగిలిన పరిహారమునకు బీమా! వరుస అదియే.

క్షయదోషము కొంత వివరముగ తెలిసికొనదగినది. ఫోను పాతదైనదని మనమనునపుడు చాల పర్యాయములు పాతబడినది ఫోను కాదు, బ్యాటరీ. లిథియమ్-అయాన్ బ్యాటరీ నిండుచు తఱుగుచు నుండగా లోపలి రసాయనములు క్రమముగ మార్పుచెంది, అది పట్టగల విద్యుత్తు తగ్గిపోవును. పూర్తిగ నింపి వాడుట సుమారు 500 మారులు జరిగిన పిమ్మట మొదటి శక్తిలో 80 శాతము మిగులునట్లు పలు ఫోనుల బ్యాటరీలు తయారైనవి. తక్కిన భాగములకు ఆ తఱుగుదల లేదు. 2017 డిసెంబరులో ఆపిల్ కంపెనీ, బ్యాటరీ క్షీణించిన పాత ఫోనులు హఠాత్తుగ ఆగిపోకుండుటకై వాని వేగమును తాము తగ్గించుచున్నామని ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పు వెలను 79 డాలర్లనుండి 29 డాలర్లకు దించెను. క్రొత్త బ్యాటరీ వేయించుకొన్నవారి ఫోనులు మరల పూర్వవేగముతో నడచినవి. అప్పటికే ఎందఱు తమ ఫోనుకు కాలము చెల్లినదనుకొని క్రొత్తది కొనిరో! ఒక అంగము అలసినదని దేహమునే పారవేయుట వంటిది ఇది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20నుండి అమలైన నియమము ప్రకారము, ఒక నమూనా అమ్మకము ఆగిన పిమ్మటను ఏడేండ్లు ముఖ్యమైన విడిభాగములు దొరకవలెను.

ఇక హింస. ఫోనును చేతితో తాకునపుడు మెత్తగనే యుండును; హింస దూరమున జరిగినది గావున కంటికి కానరాదు. బ్యాటరీలకు కావలసిన కోబాల్టులో సగమునకు మించి ఆఫ్రికాలోని కాంగో ప్రజాస్వామ్య గణతంత్రమున త్రవ్వబడుచున్నది. అచ్చట చేతిపనిముట్లతో త్రవ్వు గనులలో బాలురును పనిచేయుచున్నారని అమ్నెస్టీ సంస్థ 2016లో నివేదించినది. ఇది వస్తువు పుట్టుకయందలి హింస. దాని అంత్యమునందును హింస కలదు. 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థము పోగైనదనియు, దానిలో సక్రమముగ సేకరింపబడి శుద్ధిచేయబడినట్లు లెక్కకు వచ్చినది 22.3 శాతమేననియు ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక. మిగిలినదానిలో కొంత ఢిల్లీలోని సీలంపూర్ వంటి బస్తీలకు చేరును. తీగెలను కాల్చి, పలకలను ఆమ్లమున నాన్చి లోహము తీయువారి ఊపిరితిత్తులు దానికి మూల్యము చెల్లించును. యమములలో అహింస మొదటిదనియు, తక్కినవి దానిని నిర్మలము చేయుటకే యున్నవనియు భాష్యకారుడు చెప్పుట ఇచ్చట స్మరింపదగును. ఉన్న ఫోనును మరి రెండేండ్లు వాడువాడు, తాను ఎన్నడును చూడని వారియెడల అహింసను పాటించినవాడగును.

ఇంతమాత్రమున పాతదానిని పట్టుకొని కూర్చుండుటయే అపరిగ్రహమని భావింపరాదు. పనికిరాని మూడు ఫోనులను బీరువా సొరుగులో దాచినవాడు లోభియే. అవి నమోదైన శుద్ధికేంద్రమునకు చేరిననే వాని లోహము మరల పనికి వచ్చును. తన ఫోను ఎంత పాతదో నలుగురికి చూపి మురియువాడు సంగమును విడువలేదు. సంగము వస్తువునుండి అహంకారమునకు మారినదంతే. ఇది సూక్ష్మము గనుక సాధకుడు తన్ను తానే పరీక్షించుకొనవలెను.

పారవేయుట సయితము వైరాగ్యము కాదు. శ్రీశారదాదేవి నివసించిన కలకత్తా గృహమునకు ఒకనాడు భక్తులు పండ్లబుట్టను తెచ్చిరి. పండ్లు తీసిన పిమ్మట ఖాళీబుట్టను ఎవరో సందులోనికి విసరివైచిరి. అమ్మ దానిని తిరిగి తెప్పించి, కడిగించి, కూరగాయల తొక్కులు వేయుటకైనను పనికివచ్చునని దాచిరి. విసరినవారికి బుట్టపై ఆసక్తి లేదు, నిజమే. కాని ఆసక్తి లేకుండుట వేరు, ఆదరము లేకుండుట వేరు. ఏటేట ఫోను మార్చువానికి పాతదానిపై మమకారము లేదు. దానిని త్యాగమని ఎవరును అనరు.

మార్చవలసిన సందర్భములును కలవు. భద్రతా సవరణలు రాని పాత ఫోనులో బ్యాంకు లావాదేవీలు జరుపుట వివేకము కాదు. అట్టివాడు తన ధనమునేగాక ఇంటివారి ధనమును గూడ అపాయమున పెట్టును. మాటలాడుటకు మాత్రమే ఫోను కావలసినవానికి మీటల ఫోను చాలును. 2022 మార్చిలో భారత రిజర్వు బ్యాంకు యూపీఐ 123పే అను పద్ధతిని ప్రారంభించినందున అట్టి ఫోనునుండియు డబ్బు చెల్లింపవచ్చును.

తెలుగువారి ఇండ్లలో ఈ ప్రశ్న మరియొక రూపమున వచ్చును. అమెరికాలోనున్న కుమారుడు సెలవులకు వచ్చునపుడు తండ్రికి క్రొత్త ఫోను తెచ్చును. వివేకానందస్వామి రాజయోగమున అపరిగ్రహమునకు దానము స్వీకరింపకుండుట అని అర్థము చెప్పి, పుచ్చుకొన్నవాని మనస్సు ఇచ్చినవానికి లోబడునని వివరించిరి. అట్లని ప్రేమతో తెచ్చినదానిని త్రోసివేసి బిడ్డ మనస్సు నొప్పించుటను ఎవరును యమమనరు. తండ్రి దానిని చేతులార అందుకొని, చదువుకొను మేనకోడలికో, పాడైన ఫోనుతో అవస్థపడు పొరుగువానికో ఇప్పింపవచ్చును. తన ఫోను ఇంకను నడుచుచున్నచో, ఆ సెలవులలో ఒక పూట తండ్రిని వెంటబెట్టుకొని జగదీశ్ మార్కెట్టునకు పోయి, దానికి క్రొత్త బ్యాటరీ వేయించి తెచ్చుట కుమారుడు చేయదగిన పనియే.