కాలేయమును కోయు రెండు మార్గములు

మన గుంటూరు, ప్రకాశము జిల్లాల పల్లెలలో ఒకరికి “కాలేయమున గడ్డ యున్నది, ఆ భాగమును కోసి తీయవలెను” అని వైద్యులు చెప్పినచో, ఇంటివారు రెండు ప్రశ్నలు వేయుదురు. పొట్టను ఎంత కోయుదురు? మిరపకోతకు, పత్తితీతకు మరల నెప్పుడు పోవచ్చును? రెక్కాడినగాని డొక్కాడని వారికి రెండవది ప్రాణప్రశ్న. కావున ఈ విషయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును క్లుప్తముగ వివరింపబూనితిమి.

కాలేయము కుడివైపు ప్రక్కటెముకల మాటున నుండును. పెద్దవారిలో దాని బరువు ఇంచుమించు ఒకటిన్నర కిలోగ్రాములు. నిమిషమునకు సుమారు ఒకటిన్నర లీటర్ల రక్తము దాని గుండ ప్రవహించును. పూర్వపు వైద్యులు దానిని కోయుటకు జంకుటకు ఈ రక్తమే ముఖ్యకారణము. 1908లో ప్రింగిల్ అను శస్త్రవైద్యుడు, కాలేయములోనికి రక్తమును తెచ్చు నాళములను కొంతసేపు అదిమిపట్టి రక్తస్రావమును తగ్గించు ఉపాయమును ప్రకటించెను. 1957లో కూయినో అను ఫ్రెంచి వైద్యుడు, రక్తనాళముల శాఖలనుబట్టి కాలేయమును ఎనిమిది ఖండములుగ విభజించి చూపెను. పొలమునకు గట్లెట్లో శస్త్రవైద్యునికి ఈ ఎల్లలట్లు. 1946లో గుంటూరు వైద్యకళాశాలలో చేరిన తొలి విద్యార్థులకు ఈ పటము లేదు.

ఆరోగ్యముగ నున్న కాలేయములో సగమునకు మించి తీసినను, మిగిలిన భాగము కొన్ని నెలలలో పెరిగి పనిని నిర్వహింపగలదు. నరికిన కొమ్మ చోట చివుళ్లు పుట్టునట్లు పోయిన ఖండము మరల మొలవదు, మిగిలినదే లావగును. మద్యముచేతనో, హెపటైటిస్ వ్యాధిచేతనో గట్టిపడిన కాలేయమునకు ఈ శక్తి తక్కువ.

ఇక మార్గములు రెండు. మొదటిది పొట్టను తెఱచి చేయునది. ప్రక్కటెముకల క్రింద పెద్ద గాటు పెట్టి, వైద్యుడు కాలేయమును కన్నులార చూచి, చేతితో తడవి చూచును. రక్తము చిమ్మినచో వెంటనే వ్రేలితో అదుమగలడు. రెండవది లాపరాస్కోపీ. పొట్టలోనికి కార్బన్ డయాక్సైడు వాయువును నింపి, నాలుగైదు చిన్నరంధ్రముల గుండ కెమెరాను, సన్నని పనిముట్లను పంపి, తెరపై చూచుచు కోయుదురు. కోసిన భాగమును సంచిలో నుంచి, దానికి తగిన మఱియొక గాటు గుండ వెలికి తీయుదురు.

ఏది మేలు? నార్వే దేశపు ఓస్లో నగరములో 2012 మొదలు 2016 వఱకు, పెద్దప్రేగునుండి కాలేయమునకు ప్రాకిన క్యాన్సరు గల 280 మంది రోగులను చీట్లవలె రెండు వర్గములుగ పంచి పరీక్షించిరి. చికిత్సానంతరపు చిక్కులు తెఱచి కోసినవారిలో నూటికి 31 మందికి, లాపరాస్కోపీ వర్గములో 19 మందికి కలిగెను. ఆసుపత్రివాసము 96 గంటలనుండి 53 గంటలకు తగ్గెను. అయిదేండ్ల పిమ్మట జీవించియున్నవారు తెఱచి కోసినవారిలో నూటికి 55, రెండవ వర్గములో 54. అనగా కోలుకొనుట సులువాయెను గాని ఆయువు పెరగలేదు, తరగనులేదు.

ఈ లెక్క ఎల్లరికిని వర్తింపదు. గడ్డ మిక్కిలి పెద్దదైనను, పెద్దసిరలను అంటియున్నను, తెఱచి కోయుటయే క్షేమము కావచ్చును. చిన్నరంధ్రములతో ఆరంభించి, రక్తస్రావము మిక్కుటమైనప్పుడు పొట్టను తెఱచుట ఓటమి కాదు, అది వివేకము.

గాటు చిన్నదైనంత మాత్రమున చికిత్స చిన్నది కాదు. చర్మముపై కోత వేఱు గాని కాలేయముపై కోత ఒక్కటే. ఇంటికి త్వరగ వచ్చినంతనే మిరపకాయల టిక్కీని ఎత్తరాదు; వైద్యుని అనుమతి పొందవలెను. గాటు పొడవును అడుగుటకు ముందు, “ఈ గడ్డ ఏ ఖండమున నున్నది? మిగులు కాలేయము చాలునా? ఇట్టి చికిత్సలు తమరెన్ని చేసితిరి?” అని వినయముగ అడుగుడు.

అన్నిటికంటె మేలైన మార్గము కోత లేకుండుటయే. కాలేయ క్యాన్సరునకు ముఖ్యకారణములలో నొకటి హెపటైటిస్ బి. శిశువు పుట్టిన 24 గంటలలోపల తొలి టీకా వేయించి, తక్కిన మోతాదులను వేళకు పూర్తిచేయించుడు. విద్యార్థులారా, ఇంట శిశువు జన్మించినపుడు ఈ మాటను పెద్దలకు జ్ఞాపకము చేయుట మీ వంతు.