కొండ కింది వీధులు

చిరంజీవి అమ్మణ్ణికి,


నువ్వు పంపిన తిరుత్తణి ఫోటోలన్నీ చూశాను. కొండ, గోపురం, దాని మీద సాయంకాలపు ఎండ బాగా వచ్చాయి. కానీ ఆ 365 మెట్లను కొండకొచ్చిన ప్రతివాళ్ళూ తీస్తారు. మెట్లు దిగాక ఎదురయ్యే వీధిని ఎవరూ తియ్యరు. ఆ పని నువ్వు చెయ్యాలని నా కోరిక.

1960 ఏప్రిల్ 1 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ రోజు మద్రాసు రాష్ట్రంలో కలిసింది, సత్యవేడు వైపు ఊళ్ళు ఆంధ్రకు వెళ్ళాయి. జనం మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలో, కచేరీలో తమిళం అయిపోయింది. ఆ బతుకు గుర్తులు పాత ఇళ్ళ ముఖాల మీదే వెతకాలి. వాకిలి పైన గచ్చుతో తీర్చిన సంవత్సరం గాని, ఎవరో రాయించుకున్న తెలుగు అక్షరం గాని కనబడితే ఆగు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టిన ఊరు కాబట్టి ఆయన ఇల్లెక్కడని అందరూ అడుగుతారు. ఆ పక్క వీధిలో తిన్నె ఉన్న పెంకుటిల్లు పడగొట్టి మూడంతస్తులు లేపితే అడిగేవాళ్ళుండరు. నాకు బాధ కలిగించేది అదే.

బజారువీధికి అంగళ్ళు తెరవకముందే వెళ్ళు. షట్టర్లు దించి ఉంటాయి, బళ్ళు అడ్డం ఉండవు, కట్టడం మొత్తం కనిపిస్తుంది. ఫ్లెక్సీ బోర్డు దగ్గరే చూపు ఆపకు, దాని పైకి చూడు. కింద మొబైల్ అంగడి ఉన్నా పైన పాత మిద్దె పిట్టగోడ, చెక్క కిటికీ అలాగే మిగిలి ఉంటాయి. ఫోన్ పైకెత్తి వంచితే గోడలు వెనక్కి వాలినట్టు పడతాయి. ఎదుటి అరుగు దాకా వెనక్కి జరిగి, ఫోన్ నిటారుగా పట్టుకో. గ్రిడ్ గీతలు పెట్టుకుంటే స్తంభాలు నిలువుగా వచ్చాయో లేదో తెలుస్తుంది. తిన్నె లోపల చీకటి, వీధిలో ఎండ ఉంటాయి గనక, తలుపు చెక్కడం కావాలంటే ఎండ ఇంకా ముదరకముందే తియ్యాలి.

తిరుత్తణి అయ్యాక తిరువళ్ళూరుకూ వెళ్ళు. అక్కడ పని వేరు. 1856లో రాయపురం నుంచి వేసిన రైలుదారి ఆ ఊరి మీదుగానే వెళ్ళింది. స్టేషన్ దగ్గర ఒక ఊరు, వీరరాఘవస్వామి గుడి కోనేటి చుట్టూ మరో ఊరు ఉన్నట్టుంటుంది. అమావాస్యనాడు కోనేటి వీధిలో కాలు పెట్టే చోటుండదు. అదే వీధిని మామూలు రోజు కూడా, అదే మూల నుంచి, అదే వేళకు తియ్యి. రెండూ పక్కపక్కన పెడితే ఏ గడప అంగడిగా మారుతుందో, ఏ అరుగు యాత్రికులకు పడకవుతుందో నువ్వు చెప్పక్కర్లేకుండానే తెలుస్తుంది.

వీధిలో నిలబడి కట్టడాన్ని ఫోటో తీస్తే 1957 కాపీరైటు చట్టం తప్పు పట్టదు. అయినా ఇల్లు ఒకరి బతుకు. ముగ్గేస్తున్న ఆమెను అడక్కుండా తియ్యకు. ముందు తెలుగులోనో తమిళంలోనో పలకరించు. ఆ ఇల్లు ఎవరు కట్టించారో, ముందు అక్కడేముండేదో వాళ్ళే చెబుతారు. చెప్పింది ఆ పూటే రాసుకో.

పారిస్‌లో అజే అనే ఫోటోగ్రాఫరు 1927లో చనిపోయేదాకా పాత అంగళ్ళు, తలుపులు, మెట్లు తీస్తూనే ఉన్నాడు. చిత్రకారులకు, గ్రంథాలయాలకు పనికొచ్చే ఆధారాలుగా వాటిని అమ్ముకున్నాడు. ఫలానా వీధి, ఫలానా నంబరు అని రాసిపెట్టబట్టే ఈనాటికీ ఆ చోటు వెతుక్కోవచ్చు. నువ్వూ ప్రతి ఫోటోకీ తేదీ, వీధి పేరు, ఏ దిక్కుగా నిలబడ్డావో రాయి. ఫిల్టర్లు వద్దు. సున్నం రంగు సున్నం రంగులాగే ఉండాలి.

చివరగా ఒక మాట. ఏ ఇంటిని తీశావో ఆ ఇంటివాళ్ళకు ఒక ప్రింటు ఇచ్చి రా. ప్రింట్ల ఖర్చు నాది, లెక్క చూసుకోకు. వచ్చే అమావాస్యకు తిరువళ్ళూరు వెళ్ళేటట్టయితే ముందు రోజే చెప్పు, నేనూ వస్తాను.

ఇట్లు,
మీ మామయ్య